గేటుకు తాళం వేస్తే సరిపోతుందా? - మన బడి భద్రత గురించి తల్లిదండ్రులతో, విద్యార్థులతో నాలుగు మాటలు

 

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి లేచి అడిగారు: "సార్, మనది చిన్న బడి. కూలీనాలీ చేసుకునే తెలుగువాళ్ళ పిల్లలు చదువుకునే బడి. ముంబైలో ఇన్ని పెద్ద పెద్ద చోట్లు ఉండగా టెర్రరిస్టులు మన దగ్గరికి ఎందుకొస్తారు? ఈ కార్డులు, రిజిస్టర్లు, డ్రిల్లులు మనకెందుకు?" కొందరు నవ్వారు. చాలామంది అవునన్నట్టు తలలూపారు. ఆ రోజు టైము చాలక రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. కానీ అది కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త కార్డు పద్ధతి మొదలుపెట్టిన వారంలోనే, మనవడిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక అవ్వను కార్డు లేదని మన వాచ్‌మన్ గేటు బయటే నిలబెట్టేశాడు. ఆమె ఎండలో అరగంట నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు ఆ పిల్లవాడి తల్లి నా గదికొచ్చి, "ఇది బడా, జైలా సార్?" అని అడిగింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

ప్రమాదాన్ని ఎలా లెక్క కడతారు?

"భద్రత" అనగానే మనకు తుపాకులు, కెమెరాలు, మెటల్ డిటెక్టర్లు గుర్తొస్తాయి. ఈ విషయం చదివినవాళ్ళు మాత్రం ముందు ఒక లెక్క వేస్తారు. ఏడో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్కే.

ప్రమాదం = ముప్పు × బలహీనత × నష్టం.

ముప్పు అంటే ఎవరైనా మనకు హాని తలపెట్టే అవకాశం ఎంత అన్నది. బలహీనత అంటే, తలపెట్టినవాడికి మన దగ్గర దారి ఎంత సులువుగా దొరుకుతుంది అన్నది. నష్టం అంటే, జరగరానిది జరిగితే ఎంతమందికి, ఎంత హాని అన్నది.

ఉదాహరణకు ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేద్దాం. ఆ తండ్రి అన్నట్టు మన చిన్న బడికి ముప్పు 1 మాత్రమే అనుకోండి. కానీ గేట్లు బార్లా తెరిచి ఉంటాయి, ఎవరొచ్చారో ఎవరు పోయారో చూసేవాళ్ళు లేరు, కాబట్టి బలహీనత 4. లోపల ఉన్నది పసిపిల్లలు, కాబట్టి నష్టం 5. గుణిస్తే 20. ఇప్పుడు బలహీనతను 4 నుంచి 2కి తగ్గించండి. ప్రమాదం 10కి పడిపోయింది, అంటే సగం.

ఈ మార్కులు నేను వేసినవే, నమూనా కోసం. కానీ అందులో ఉన్న విషయం గమనించండి. ముప్పు మన చేతిలో లేదు, అది పోలీసులు, నిఘా సంస్థలు చూసుకునే పని. బలహీనత మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. నష్టాన్ని తగ్గించడం కూడా కొంత మన చేతిలో ఉంది. దారులు ఖాళీగా పెట్టుకోవచ్చు, ప్రథమ చికిత్స నేర్చుకోవచ్చు, ఎవరు ఎక్కడున్నారో లెక్క పెట్టుకోవచ్చు. కాబట్టి "వాళ్ళు మన దగ్గరికి వస్తారా?" అన్న ప్రశ్నకు జవాబు మనకు తెలియకపోయినా ఫరవాలేదు. "వస్తే దారి ఎంత సులువు?" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మనం తెలుసుకుని తీరాలి.

మన ముంబై నేర్చుకున్న పాఠాలు

మీలో పెద్దవాళ్ళందరికీ 2008 నవంబర్ 26 రాత్రి గుర్తుండే ఉంటుంది. పిల్లలు అప్పటికి పుట్టలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పదిమంది సాయుధులు పాకిస్తాన్‌లోని కరాచీ నుంచి సముద్రం మీద వచ్చారు. దారిలో 'కుబేర్' అనే మన చేపల పడవను పట్టుకున్నారు. చివరికి రబ్బరు పడవలో కఫ్ పరేడ్ దగ్గర మత్స్యకారుల బస్తీలో దిగారు. సీఎస్‌టీ స్టేషన్, లియోపోల్డ్ కేఫ్, కామా ఆస్పత్రి, తాజ్, ఒబెరాయ్ హోటళ్ళు, నారిమన్ హౌస్ - ఇన్నిచోట్ల కాల్పులు జరిపారు. 29వ తేదీ ఉదయం వరకు సాగింది. 166 మంది ప్రాణాలు కోల్పోయారు. అందులో యాభై మందికి పైగా సీఎస్‌టీలోనే పోయారు, వాళ్ళలో ఎక్కువమంది రైలు కోసం ఎదురు చూస్తున్న మామూలు ప్రయాణికులు, మనలాంటివాళ్ళు.

తర్వాత ప్రభుత్వం ఒక్కొక్క గండినీ వెతికింది. సముద్రం వైపు కాపలా పలచగా ఉంది. అందుకే తీర పోలీసు స్టేషన్లు పెంచారు, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇచ్చారు, ఏ రాష్ట్రం పడవో దూరం నుంచే తెలిసేలా పడవలకు రంగులు నిర్ణయించారు. ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ పక్కన మానేసర్‌లో ఉండేవారు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దాడి మొదలైతే, మర్నాడు ఉదయానికి గాని వాళ్ళు ముంబై చేరలేకపోయారు. అంటే ఇక్కడ దూరమే ఒక బలహీనత. 2009లో ముంబై, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు తెరిచారు.

మహారాష్ట్ర ప్రభుత్వం మాజీ హోం కార్యదర్శి రామ్ ప్రధాన్ నాయకత్వంలో ఒక కమిటీ వేసింది. ఆపద వేళ ఎవరు ఏం చెయ్యాలో రాసిపెట్టిన పద్ధతిని ఆ రాత్రి సరిగా పాటించలేదని ఆ కమిటీ ఎత్తిచూపింది. ఇది మనకు చాలా ముఖ్యం. కాగితం మీద పద్ధతి ఉంది. చేతికి, కాలికి అలవాటు కాలేదు.

మంచి ఉదాహరణలు కూడా ఆ రాత్రే ఉన్నాయి. పడవ దిగిన కుర్రాళ్ళను "ఎవరు మీరు, ఎక్కడికి?" అని అడిగినవాళ్ళు ఆ బస్తీలోని మామూలు మనుషులే. సీఎస్‌టీలో అనౌన్స్‌మెంట్ చేసే ఉద్యోగి తన గదిలోంచి కాల్పులు చూసి పారిపోలేదు. మైకు వదలకుండా ప్రయాణికులను ఏ వైపు నుంచి బయటపడాలో చెబుతూనే ఉన్నాడు. అతని దగ్గర ఆయుధం లేదు. బయటికి వెళ్ళే దారులు తెలుసు, మైకు ఉంది. దాంతోనే ఎంతోమంది బతికారు.

2006 జూలై 11 సంగతి కూడా చెప్పాలి. పశ్చిమ రైల్వే లోకల్ బళ్ళలో దాదాపు 11 నిమిషాల వ్యవధిలో 7 బాంబులు పేలాయి. అది సాయంత్రం, జనం ఆఫీసుల నుంచి ఇళ్ళకు తిరిగి వెళ్ళే టైము. అదే బండిలో మధ్యాహ్నం రెండింటికి అంత జనం ఉండరు. కాబట్టి బలహీనత చోటుకే కాదు, వేళకు కూడా ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ చెప్పేదేమిటి?

మనలో చాలామందికి హైదరాబాద్‌లో చుట్టాలున్నారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. అదే రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన కింద పేలని బాంబు ఒకటి దొరికింది. ఆ రోజు ఆ పేట బతికిపోయింది. కానీ 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు రెండు పేలాయి.

ఒకసారి తప్పిన చోటును మర్చిపోకూడదని దీనివల్ల తెలుస్తుంది. బస్టాండు, సినిమా హాలు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, వరసగా నిలిపిన బళ్ళు - ఆ జనసమ్మర్దం 2007లోనూ ఉంది, 2013లోనూ ఉంది. ఆ పేలుళ్ళ తర్వాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013లో ప్రజా భద్రతా చట్టం తెచ్చింది. ఒకేసారి వందమంది, అంతకంటే ఎక్కువమంది చేరే చోట్ల వచ్చీపోయేవాళ్ళను చూసుకునే ఏర్పాటు, సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగును 30 రోజులు దాచాలని అందులో ఉంది. బడులు కూడా అందులోకి వస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి. అయినా పట్టుకోవడం మంచిదే. కాలకముందే పట్టుకుంటే ఇంకా మంచిది.

ఒక గండి పూడిస్తే ఇంకో గండి పడొచ్చు

ఇప్పుడు మన బడి సంగతి. ఇందులో తప్పు నాది.

మన వెనక గేటు ఎన్నో ఏళ్ళు తెరిచే ఉండేది. అవతలి సందుకు వెళ్ళడానికి అందరూ మన ఆవరణలోంచే నడిచేవాళ్ళు. ఐస్‌క్రీం బండి కూడా లోపలికి వచ్చేది. ఇది బలహీనత అని తెలిశాక ఆ గేటుకు తాళం వేయించాను. పని అయిపోయిందనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత అగ్నిప్రమాద డ్రిల్లు పెట్టాం. 5, 6, 7 తరగతుల పిల్లలు వరసగా వెనక గేటు దగ్గరికి వెళ్ళారు. తాళం వేసి ఉంది. తాళం చెవి ఒక్కటే ఉంది, అది ప్యూన్ దగ్గర. అతన్ని బ్యాంకు పనికి పంపింది నేనే. అతను తిరిగొచ్చేదాకా తొమ్మిది నిమిషాలు పిల్లలు ఆ గేటు ముందు నిలబడ్డారు. డ్రిల్లు కాబట్టి నవ్వుకుంటూ నిలబడ్డారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం బడి గుర్తొచ్చింది. అక్కడ వంటగది నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. పై అంతస్తు పిల్లలు కిందికి రావడానికి ఇరుకు మెట్లే దారి. 94 మంది చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నీ అగ్నిమాపక జాగ్రత్తలు పాటించాలని తీర్పు ఇచ్చింది.

దొంగ రాకుండా వేసిన తాళమే పిల్లలు బయటికి పోకుండా ఆపింది. అంటే నేను ఒక గండి పూడ్చి పక్కనే ఇంకోటి తవ్వాను. ఇప్పుడు ఆ గేటుకు లోపలి నుంచి చేత్తో తీయగల గడియ పెట్టించాం. బయటి నుంచి అది తెరుచుకోదు. ముగ్గురు టీచర్లు రోజూ దాన్ని తీసి చూసి రిజిస్టర్లో సంతకం పెడతారు. అయిన ఖర్చు ఒక్క కమ్మరి కూలి, ఇనుము ధర.

అందుకే బలహీనతలను వెతికేటప్పుడు ఒక్క టెర్రరిజం గురించే ఆలోచించకూడదు. నిప్పు, వరద, తొక్కిసలాట, పిల్లల ఎత్తుకుపోత - అన్నిటినీ కలిపి చూడాలి. ఒకదానికి చేసిన ఏర్పాటు రెండోదానికి అడ్డం కాకూడదు.

ప్రభుత్వం పని, మన పని

"ఇదంతా సర్కారు చూసుకోవాలి కదా" అని మీరు అనొచ్చు. నిజమే, చట్టం కూడా అలాగే చెబుతోంది. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. విపత్తు అంటే ప్రకృతి వల్ల వచ్చేదే కాదు, మనుషుల వల్ల వచ్చేది కూడా అని అందులో ఉంది. ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. జిల్లాలో ఏ ప్రాంతాలు ఏ విపత్తుకు లోనయ్యేలా ఉన్నాయో అందులో గుర్తించాలి. దాన్ని ఏటా సరిచూసుకోవాలి. మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామగ్రిని వాడడానికి సిద్ధంగా ఉంచుకోవాలి.

కానీ వార్డు ఆఫీసులో కూర్చున్న ఇంజనీరుకు మన సందులో సాయంత్రం వడాపావ్ బండి ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఫైరింజను సందు మలుపు తిరగగలదో లేదో, అక్కడ స్కూటర్లు ఎవరు నిలుపుతారో మనకు తెలుసు. వర్షాకాలంలో ఏ మెట్టు జారుతుందో మన పిల్లలకు తెలుసు. ఆ వివరాలు మనం అందిస్తేనే వాళ్ళ ప్రణాళిక పనికొస్తుంది. లేకపోతే అది కాగితాల కట్టగానే ఉండిపోతుంది.

మనం వెతికే పద్ధతి

ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు, తొమ్మిదో తరగతి విద్యార్థులు నలుగురు, వాచ్‌మన్, ప్యూన్, వంట చేసే అక్క - వీళ్ళతో ఒక బృందం వేశాం. వాచ్‌మన్, వంట అక్క ఎందుకని కొందరు అడిగారు. పొద్దున్న ఆరింటికి ఆవరణ ఎలా ఉంటుందో వాళ్ళిద్దరికి తప్ప మాకెవరికీ తెలియదు, అందుకు. ఈ బృందం బడి చుట్టూ నాలుగు వేళల్లో నడుస్తుంది: బడి తెరవకముందు, ప్రార్థన టైములో, భోజనాల వేళ, బడి వదిలేటప్పుడు. ప్రతిచోటా ఆగి ఈ ప్రశ్నలు వేసుకుంటుంది.

ఇక్కడ ఎంతమంది ఉంటారు, ఏ వేళ ఎక్కువ?
తెలియనివాళ్ళు ఇక్కడికి ఎలా రాగలరు? వస్తే ఎవరి కంట పడతారు?
ఏదైనా జరిగితే పిల్లలు ఎటు పోతారు? ఆ దారిలో ఏం అడ్డం ఉంది?
ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు?
దీన్ని సరిచెయ్యడానికి ఎంతవుతుంది? డబ్బు లేకుండా అయ్యే పని ఏమైనా ఉందా?

మొదటి నడకలోనే ఒక సంగతి తేలింది. బడి లోపల కంటే గేటు బయట, బడి వదిలాక ఇరవై నిమిషాలే మనకు అన్నిటికంటే బలహీనమైన వేళ. పిల్లలు, తల్లిదండ్రులు, రిక్షాలు, బైకులు, బండ్లు అన్నీ ఒకే చోట. అందుకని వచ్చే నెల నుంచి తరగతుల వారీగా పది నిమిషాల తేడాతో వదులుతాం. దీనికి పైసా ఖర్చు లేదు. మీకు కొంచెం ఇబ్బంది అవుతుంది. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు కాసేపు ఆగాల్సి వస్తుంది. ఓర్చుకోమని కోరుతున్నాను.

మిగతా సంగతులు, అంటే ఏ గోడ ఎక్కడ తక్కువ ఎత్తు, ఏ కెమెరా ఎటు చూస్తుంది, ఇవన్నీ ఇక్కడ రాయను. బలహీనతల జాబితాను ఊరందరికీ చూపించడం కూడా ఒక బలహీనతే. సమావేశానికి వస్తే చూపిస్తాం. ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి.

అవ్వ సంగతి

పిల్లల్ని ఎవరికి పడితే వాళ్ళకు అప్పగించకూడదన్న నియమం సరైనదే. కానీ ఆ అవ్వను ఎండలో నిలబెట్టడం తప్పు. నియమం పెట్టినవాడిని నేను. కార్డు లేనివాళ్ళు వస్తే ఏం చెయ్యాలో వాచ్‌మన్‌కు చెప్పనిది కూడా నేనే. అవ్వ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఇకనుంచి కార్డు మర్చిపోయినవాళ్ళను లోపల బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారు. ప్రతి విద్యార్థి పేజీలో, తీసుకెళ్ళడానికి వచ్చే నలుగురి పేర్లు, ఫోటోలు ఉంటాయి. తాతలను, అవ్వలను మర్చిపోకుండా రాయించండి.

ఇంకో మాట. జాగ్రత్త అంటే మనుషుల్ని అనుమానించడం కాదు. టోపీ, గడ్డం, బురఖా, భాష, ఊరు చూసి ఎవరినీ అనుమానించవద్దు. పొట్టకూటి కోసం పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి ఈ నగరానికి వచ్చిన మన పెద్దల్ని కూడా ఒకప్పుడు "ఎవరు వీళ్ళు, ఎక్కడివాళ్ళు?" అని అనుమానంగా చూసిన రోజులున్నాయి. ఆ చూపు ఎలా గుచ్చుకుంటుందో మనకు తెలుసు. చూడాల్సింది మనిషి వేషం కాదు, జరుగుతున్న పని: వదిలేసి వెళ్ళిన సంచి, సంబంధం లేని చోట పదేపదే తచ్చాడడం, గేట్ల ఫోటోలు తీయడం. అలాంటిది కనిపిస్తే వాదులాటకు దిగకుండా బడికి గాని పోలీసులకు గాని చెప్పండి. తేల్చడం వాళ్ళ పని.

విద్యార్థులకు

ఎవరిదో తెలియని సంచి, టిఫిన్ డబ్బా, బొమ్మ, రేడియో కనిపిస్తే ముట్టుకోవద్దు, తన్నవద్దు, తెరవవద్దు. దూరంగా జరిగి, మిగతావాళ్ళను కూడా జరగమని, వెంటనే టీచరుకు చెప్పండి. చెప్పాక అందులో పాత చెప్పులే ఉన్నాయని తేలినా ఎవరూ నవ్వరు. నవ్వితే నాకు చెప్పండి.

అత్యవసర నంబరు 112. ముంబై మహానగరపాలిక విపత్తు కంట్రోల్ రూం 1916. ఈ రెండూ కంఠస్థం చెయ్యండి. ఇంటి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కూడా మరాఠీలోనో హిందీలోనో చెప్పడం నేర్చుకోండి.

ఏదైనా జరిగినప్పుడు వీడియోలు తీసి పంపొద్దు. 26/11న టీవీల ప్రత్యక్ష ప్రసారాలు దాడి చేసినవాళ్ళకు ఉపయోగపడ్డాయని 2012లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. ఇప్పుడు ప్రతి చేతిలో ఒక టీవీ ఉంది.

చిన్న తరగతుల పిల్లలకు మేము టెర్రరిజం గురించి ఏమీ చెప్పం. "గంట మూడుసార్లు మోగితే చప్పుడు చెయ్యకుండా వరసలో నడవాలి" అని మాత్రం నేర్పుతాం. ఇంట్లో మీరు కూడా వాళ్ళను భయపెట్టకండి. భయపడిన పిల్లవాడు మంచం కింద దాక్కుంటాడు. అలవాటైన పిల్లవాడు వరసలో నడిచి బయటికి వస్తాడు.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: టెర్రరిస్టులు మన బడికి రాకపోవచ్చు, రాకూడదనే కోరుకుందాం. కానీ ఆ ప్రశ్న పుణ్యమా అని మన వెనక గేటు గడియ బాగుపడింది. రేపు నిప్పంటుకున్నా, నీళ్ళొచ్చినా అది పనికొస్తుంది.

వచ్చే రెండో శనివారం ఉదయం పది గంటలకు బృందం మళ్ళీ నడుస్తుంది. తీరిక ఉన్నవాళ్ళు రండి. ఆ పక్క శనివారం గంట మోగించి డ్రిల్లు చేస్తాం. ఈసారి తాళం చెవి కోసం ఎదురుచూడాల్సిన అవసరం రాదు.

- ప్రధానోపాధ్యాయుడు